ట్యూబ్ ఆంప్ కొనాలనుకుంటున్నారా? 100 వాట్స్ అని టెంప్ట్ అవ్వకండి.. పంక్, మెటల్ గిటారిస్టులు ముందు ఈ లెక్క తెలుసుకోవాలి!

పంక్ అయినా, హెవీ మెటల్ అయినా.. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఓ కోరిక పుడుతుంది. స్టేజీ మీద గోడలా పేర్చిన ఆంప్‌లు చూసి, అలాంటిది మనకూ ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది. అందులోనూ ట్యూబ్ ఆంప్ అంటే ఇక చెప్పక్కర్లేదు. కానీ కొత్త హెడ్, దానికి తగ్గ స్పీకర్ క్యాబినెట్ కలిపి తీసుకుంటే ఖర్చు సులువుగా లక్ష రూపాయలు దాటిపోతుంది.

అంత డబ్బు పోసి తెచ్చాక అపార్ట్‌మెంట్‌లో వాల్యూమ్ నాబ్‌ను 1 దగ్గర నుంచి కదపలేకపోతే? అమెరికా నుంచి తెప్పించుకున్న ఆంప్ ఇక్కడ ప్లగ్ పెట్టగానే కాలిపోతే? అందుకే బ్రాండ్ కంటే, వాట్స్ కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మీరు ఎక్కువగా ఎక్కడ వాయిస్తారు? ఇంట్లోనా, రిహార్సల్ రూమ్‌లోనా, స్టేజీ మీదా? దీనికి జవాబు దొరికితే మిగతా సగం గందరగోళం పోయినట్టే. పూర్తి వివరాలు చూద్దాం.

అసలు ట్యూబ్ ఆంప్ అంటే ఏంటి?

తాతల కాలం నాటి వాల్వ్ రేడియో గుర్తుందా? స్విచ్ వేశాక కాసేపు వేడెక్కితే గానీ పాట వచ్చేది కాదు. ఆ వాల్వులే ఈ ట్యూబులు. గాలి తీసేసిన గాజు గొట్టం లోపల ఓ లోహపు భాగం వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. వాటి ప్రవాహాన్ని గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ అదుపు చేస్తుంది. అలా చిన్న సిగ్నల్ కాస్తా పెద్దదవుతుంది.

ట్యూబ్ ఆంప్‌లో ముఖ్యంగా రెండు దశలు ఉంటాయి. మొదటిది ప్రీ ఆంప్. ఇక్కడ ఎక్కువగా కనిపించేది 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబ్. గెయిన్ నాబ్ పనిచేసేది ఇక్కడే. రెండోది పవర్ ఆంప్. ఇక్కడ ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84 లాంటి పెద్ద ట్యూబులు స్పీకర్‌ను కదిలించే బలాన్ని ఇస్తాయి.

ట్యూబ్‌కు మోయగలిగిన దానికంటే ఎక్కువ సిగ్నల్ ఇస్తే సౌండ్ గరగరలాడుతూ పగులుతుంది. అదే డిస్టార్షన్. స్టీరియో సిస్టమ్‌లో ఇది లోపం. రాక్ గిటార్‌లో మాత్రం అసలు మజా ఇదే. అయితే ఆ పగులు ప్రీ ఆంప్‌లో వస్తోందా, పవర్ ఆంప్‌లో వస్తోందా అన్నదే ఇక్కడ కీలకం. ప్రీ ఆంప్ డిస్టార్షన్ తక్కువ వాల్యూమ్‌లోనూ వస్తుంది. పవర్ ఆంప్ డిస్టార్షన్ కావాలంటే మాత్రం వాల్యూమ్ బాగా పెంచాల్సిందే.

100 వాట్స్ అంటే 10 వాట్స్‌కు పది రెట్లు సౌండా? కానే కాదు!

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మన చెవి వాట్స్‌ను అలా లెక్కపెట్టదు. పవర్ పది రెట్లు పెరిగితే సౌండ్ 10 డెసిబెల్స్ పెరుగుతుంది. అది చెవికి సుమారు రెట్టింపుగా మాత్రమే వినిపిస్తుంది. అంటే 100 వాట్స్ ఆంప్, 10 వాట్స్ ఆంప్‌కు రెట్టింపు సౌండ్ అనిపిస్తుంది. అంతే!

ఇక 50 వాట్స్‌కు, 100 వాట్స్‌కు మధ్య తేడా కేవలం 3 డెసిబెల్స్. విన్నవాళ్లకు కొంచెం పెరిగిందనిపిస్తుంది, అంతకు మించి ఏమీ ఉండదు. మరి 100 వాట్స్ వల్ల లాభమేంటి? సౌండ్ పగలకుండా క్లీన్‌గా ఎంత దూరం వెళ్లగలదన్నదే అసలు తేడా. బేస్ నోట్లు కూడా గట్టిగా, బిగుతుగా నిలబడతాయి.

మరో లెక్క చూడండి. మెటల్ గిటారిస్టులు ఎక్కువగా వాడే సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్‌కు 1 వాట్ ఇస్తే మీటర్ దూరంలో 100 డెసిబెల్స్ సౌండ్ వస్తుంది. అవును, ఒక్క వాట్‌కే! మన దేశంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఇక 100 వాట్స్ ఆంప్‌ను అపార్ట్‌మెంట్‌లో ఫుల్‌గా పెట్టడం అయ్యే పనేనా? మీరే చెప్పండి.

చెవుల సంగతి కూడా మర్చిపోవద్దు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ సౌండ్‌లో 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం అవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. చెవిలో హోరు ఒకసారి పట్టుకుంటే వదలకపోవచ్చు. కాబట్టి ఆంప్ బడ్జెట్‌లోనే ఇయర్ ప్లగ్స్ కూడా లెక్కేసుకోండి.

పంక్ వాయిస్తారా? గెయిన్ కంటే మిడ్స్ ముఖ్యం

పంక్ సౌండ్ అంటే ఫుల్ డిస్టార్షన్ అనుకుంటారు చాలామంది. పాత రికార్డులు శ్రద్ధగా వింటే సీన్ వేరేలా ఉంటుంది. రామోన్స్ గిటారిస్ట్ జానీ రామోన్ వాడింది మార్షల్ ఆంప్‌లు. సెక్స్ పిస్టల్స్ గిటారిస్ట్ స్టీవ్ జోన్స్ వాడింది ఫెండర్ ట్విన్ రివర్బ్. అసలు ఈ ట్విన్ రివర్బ్‌కు పేరొచ్చిందే క్లీన్ సౌండ్‌తో! దాన్నే గట్టిగా పెంచి 1977లో పంక్ సౌండ్‌కు కొత్త రూపం ఇచ్చారు.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఏంటంటే.. పంక్‌లో పవర్ కార్డులు వేగంగా పడుతుంటాయి. గెయిన్ మరీ ఎక్కువైతే అన్నీ కలిసిపోయి ముద్దగా వినిపిస్తాయి. ఒక్కో స్ట్రోక్ విడిగా తెలియాలంటే గెయిన్ మధ్యస్తంగా ఉండాలి. డ్రమ్స్, బేస్ మధ్యలోంచి గిటార్ బయటకు రావాలంటే మిడ్స్ ఉండాలి.

అందుకే పంక్ వాళ్లకు ఎక్కువ ఛానెళ్లు, ఎక్కువ నాబులు అక్కర్లేదు. ఒక్క ఛానెల్ ఉండి, ఈఎల్34 లేదా ఈఎల్84 ట్యూబులున్న బ్రిటిష్ తరహా ఆంప్ సరిపోతుంది. 1968లో లండన్‌లో మొదలైన ఆరెంజ్ కంపెనీ 2006లో టైనీ టెర్రర్ అనే 15 వాట్స్ చిన్న హెడ్ తెచ్చింది. దాని మీద ఉన్నవి మూడే నాబులు.. వాల్యూమ్, టోన్, గెయిన్. చేత్తో పట్టుకుని వెళ్లిపోయేంత చిన్నది. దాని తర్వాత ఇలాంటి లంచ్‌బాక్స్ ఆంప్‌లు మార్కెట్లో వరుసకట్టాయి.

థ్రాష్, డెత్ మెటల్‌కు ఏం కావాలి?

ఇక్కడ లెక్క మారుతుంది. వేగంగా చేసే పామ్ మ్యూటింగ్‌లో ప్రతి దెబ్బ కత్తిలా పడాలి. అంటే గెయిన్ ఎక్కువ ఉండాలి, అదే సమయంలో బేస్ వదులవ్వకూడదు. ప్రీ ఆంప్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా గెయిన్ దశలు పేర్చిన ఆంప్‌లు ఇందుకే పుట్టాయి.

ఈ కథ మొదలైంది లండన్‌లో. 1960ల మొదట్లో జిమ్ మార్షల్ షాపులో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా జేటీఎం45 తయారైంది. ఆ వంశంలోనే 1981లో జేసీఎం800 సిరీస్ వచ్చింది. అందులోని 2203 అనే 100 వాట్స్ మోడల్ థ్రాష్‌కు, హార్డ్‌కోర్ పంక్‌కు కూడా కొలమానంగా మారింది. స్లేయర్ గిటారిస్ట్ కెర్రీ కింగ్ పేరు మీద మార్షల్ దీని ప్రత్యేక మోడల్ కూడా విడుదల చేసింది.

1990ల మొదట్లో అమెరికా నుంచి మరో రెండు దూసుకొచ్చాయి. ఒకటి మెసా బూగీ డ్యుయల్ రెక్టిఫయర్. బరువైన, వెడల్పైన బేస్ దీని గుర్తు. రెండోది 1992లో ఎడ్డీ వాన్ హేలెన్ కోసం పీవీ చేసిన 5150. తర్వాత అదే 6505 పేరుతో కొనసాగింది. రాక్ గిటారిస్ట్ కోసం చేసిన ఆ ఆంప్‌ను మెటల్‌కోర్, డెత్ మెటల్ వాళ్లు సొంతం చేసుకున్నారు. ఈ రెండూ 6ఎల్6 పవర్ ట్యూబులతో నడుస్తాయి.

మెటల్ ప్లేయర్లు వాడే ఓ చిట్కా ఉంది. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ పెడల్‌ను ఆంప్ ముందు పెడతారు. దానిలో డ్రైవ్ సున్నాకు దగ్గరగా, లెవెల్ బాగా ఎక్కువగా ఉంచుతారు. ఈ పెడల్ బేస్‌ను కొంత తగ్గించి మిడ్స్‌ను ముందుకు తోస్తుంది. దాంతో వదులుగా ఉన్న ఆంప్ కూడా టైట్ అవుతుంది. కాబట్టి మీ ఆంప్‌లో కాస్త గెయిన్ తక్కువైనా కంగారు పడి మార్చేయకండి. ముందు ఇది ట్రై చేయండి.

డూమ్, స్టోనర్ వాళ్లకు దారి వేరు

1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌తోనే హెవీ మెటల్ మొదలైందని చాలామంది అంటారు. ఆ రోజుల్లో గిటారిస్ట్ టోనీ ఐయోమీ వాడింది తన ఊరు బర్మింగ్‌హామ్‌కే చెందిన లేనీ కంపెనీ 100 వాట్స్ ఆంప్. దాని ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టి ఆంప్‌ను అదిలించేవారు.

డూమ్, స్టోనర్ బ్యాండ్లు ఇప్పటికీ అదే బాటలో ఉన్నాయి. ఆంప్‌లో గెయిన్ తక్కువ, పవర్ ఎక్కువ. డిస్టార్షన్ అంతా ఫజ్ పెడల్ నుంచి. తీగలను కిందికి ట్యూన్ చేసి నెమ్మదిగా వాయించే ఈ సంగీతంలో బేస్ నోటు కూలిపోకుండా నిలబడాలి. 100 వాట్స్‌కు నిజంగా అర్థం ఉన్న చోటు ఇదే. 1970ల నాటి సన్ మోడల్ టీ ఆంప్‌లంటే వీళ్లకు ఎంత పిచ్చి అంటే, సన్ అనే అమెరికన్ డ్రోన్ మెటల్ బ్యాండ్ తన పేరునే ఆ కంపెనీ నుంచి తీసుకుంది.

ఇంతకీ మీకు ఎన్ని వాట్స్ కావాలి?

ఇల్లు: 1 నుంచి 5 వాట్స్ చాలు, ఒక్కోసారి అదే ఎక్కువ. మాస్టర్ వాల్యూమ్ తప్పనిసరిగా ఉండాలి. వాట్స్ తగ్గించే స్విచ్ ఉంటే ఇంకా మంచిది. ఉదాహరణకు పీవీ 6505 మినీ హెడ్‌ను 20, 5, 1 వాట్స్‌లో నడపొచ్చు. రాత్రిళ్లు ప్రాక్టీస్ చేసేవాళ్లు లోడ్ బాక్స్, హెడ్‌ఫోన్ సౌకర్యం ఉందో లేదో చూసుకోవాలి.

రిహార్సల్ రూమ్: గట్టిగా కొట్టే డ్రమ్మర్ ఉన్నా డిస్టార్షన్ సౌండ్‌కు 20 వాట్స్ ట్యూబ్ ఆంప్ చాలావరకు సరిపోతుంది. మార్షల్ డీఎస్ఎల్20 లాంటివి ఈ కోవలోకి వస్తాయి. దీన్ని 10 వాట్స్‌కు కూడా తగ్గించుకోవచ్చు.

స్టేజీ: మైక్ పెట్టి పీఏ సిస్టమ్‌లోకి పంపే వేదిక అయితే అదే 20 వాట్స్ ఇక్కడా పనికొస్తుంది. జనానికి వినిపించే పని పీఏ చూసుకుంటుంది. క్లీన్ సౌండ్ కూడా గట్టిగా కావాలన్నా, చాలా కిందికి ట్యూన్ చేసినా 50 వాట్స్‌కు వెళ్లండి. చాలామంది పంక్, మెటల్ ప్లేయర్లకు అంతకు మించి అవసరం పడదు.

స్పీకర్‌ను మాత్రం చిన్నచూపు చూడొద్దు. ఒకే హెడ్‌ను చిన్న 8 అంగుళాల స్పీకర్‌కు పెట్టి విని, తర్వాత రెండు 12 అంగుళాల స్పీకర్లున్న క్యాబినెట్‌కు పెట్టి వినండి. ఆంప్ మార్చారా అనిపిస్తుంది. నాలుగు స్పీకర్ల క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది కానీ బరువు 30 కిలోలకు పైమాటే. లిఫ్ట్ లేని మూడో అంతస్తు, ఆటోలో ప్రయాణం.. ఇవన్నీ ఆలోచించుకుని దిగండి.

అమెరికా నుంచి తెప్పిస్తున్నారా? ముందు ఇది చదవండి

అన్నయ్యో, పిన్ని కొడుకో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నారు. సెలవులకు వస్తూ ఓ సెకండ్ హ్యాండ్ ఆంప్ తెస్తామన్నారు. తెలుగు ఇళ్లలో ఇది మామూలే. కానీ అక్కడ కరెంటు 120 వోల్ట్‌లు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్ట్‌లు, 50 హెర్ట్జ్. పిన్ మార్చే అడాప్టర్ పెట్టినంత మాత్రాన వోల్టేజ్ మారదు. నేరుగా ప్లగ్ పెడితే ఫ్యూజ్ పోవడంతో ఆగితే అదృష్టమే. ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబులు కూడా పోవచ్చు.

కాబట్టి కొనకముందే ఆంప్ వెనక ప్యానెల్ ఫొటో తెప్పించుకోండి. వోల్టేజ్ మార్చుకునే సెలెక్టర్ ఉందా చూడండి. ఉంటే దాన్ని 230కి మార్చి, ఆ వోల్టేజ్‌కు కంపెనీ చెప్పిన ఫ్యూజ్ వేయించాలి. లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వెనక రాసి ఉన్న పవర్ వినియోగం చూసి, అంతకంటే ఎక్కువ సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఇక్కడ ఇంకో మెలిక.. 20 వాట్స్ ఆంప్ అంటే స్పీకర్‌కు ఇచ్చేది 20 వాట్స్. గోడ నుంచి లాగేది అంతకు చాలా ఎక్కువ.

స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ను మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. అందుకే ప్యానెల్ మీద 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో కూడా చూడాలి. 60 మాత్రమే అని ఉంటే టెక్నీషియన్‌ను అడక్కుండా ముందుకెళ్లొద్దు. పైగా బరువు, కస్టమ్స్ సుంకం, ట్యూబులు దారిలో పగిలే రిస్క్ కలిపి చూస్తే.. అక్కడ చవగ్గా దొరికిందనుకున్నది ఇక్కడికి వచ్చేసరికి అంత చవగ్గా ఉండకపోవచ్చు.

ఈ తప్పులు చేస్తే ఆంప్ పోతుంది.. ప్రాణానికే ముప్పు!

ట్యూబ్ ఆంప్ లోపల 400 వోల్ట్‌లకు పైగా ఉండొచ్చు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ఆ కరెంటు కొంతసేపు నిల్వ ఉంటుంది. యూట్యూబ్ వీడియో చూసి మూత విప్పే సాహసం వద్దు.

- ఎర్త్ పిన్ ముఖ్యం. హమ్ వస్తోందని మూడో పిన్ తీసేయడం, రెండు పిన్నుల ప్లగ్‌తో నడపడం చాలా ప్రమాదం. మీ చేతిలో ఉన్న గిటార్ తీగలు లోహపువి, అవి నేరుగా ఆంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజీ మీద సరైన ఎర్తింగ్ లేని మైక్ ముట్టుకుని షాక్‌తో చనిపోయారు.

- స్పీకర్ లేకుండా ఆన్ చేయొద్దు. ట్యూబ్ ఆంప్‌కు స్పీకర్ లేదా లోడ్ బాక్స్ కలపకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఇది ఆంప్‌లో ఖరీదైన భాగాల్లో ఒకటి.

- ఓమ్స్ కలవాలి. 8 ఓమ్స్ క్యాబినెట్‌ను 8 ఓమ్స్ జాక్‌కే పెట్టాలి. 16 ఓమ్స్ క్యాబినెట్లు రెండు ప్యారలల్‌గా కలిపితే మొత్తం 8 ఓమ్స్ అవుతుంది.

- గిటార్ కేబుల్, స్పీకర్ కేబుల్ ఒకటి కావు. చివర జాక్‌లు ఒకేలా కనిపిస్తాయి, లోపలి వైరు వేరు. హెడ్‌కు, క్యాబినెట్‌కు మధ్య స్పీకర్ కేబుల్ మాత్రమే వాడాలి.

కొన్నాక అయ్యే ఖర్చు సంగతేంటి?

ట్యూబులు అరిగే వస్తువులు. ప్రీ ఆంప్ ట్యూబులు ఏళ్ల తరబడి వస్తాయి. పవర్ ట్యూబులు మాత్రం గట్టిగా వాయించేవాళ్లకు ఏడాది, రెండేళ్లకు మార్చాల్సి రావొచ్చు. ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్‌లో కొత్త పవర్ ట్యూబులు వేసినప్పుడు టెక్నీషియన్‌తో బయాస్ సెట్ చేయించాలి. క్యాథోడ్ బయాస్ ఆంప్‌లకు ఈ తలనొప్పి లేదు. మీ ఊళ్లో ట్యూబ్ ఆంప్ తెలిసిన టెక్నీషియన్ లేకపోతే ఈ తేడా చాలా ముఖ్యం.

ఈ ట్యూబులను ఇప్పుడు తయారుచేసేది కొన్ని చోట్లే. రష్యాలోని సరాతోవ్, స్లొవేకియాలోని జేజే ఎలక్ట్రానిక్, చైనా ఫ్యాక్టరీల మీదే గిటార్ ప్రపంచం ఎక్కువగా ఆధారపడి ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఎగుమతి ఆంక్షలతో సరఫరా దెబ్బతిని, ట్యూబుల ధరలు పెరిగాయి. నాలుగు పవర్ ట్యూబులున్న 100 వాట్స్ ఆంప్‌కు, రెండే ఉన్న 20 వాట్స్ ఆంప్‌కు తేడా ఇక్కడా జేబు మీద పడుతుంది.

అసలు ట్యూబే కావాలా?

నిజం చెప్పాలంటే.. అందరికీ అక్కర్లేదు. పాంటెరా గిటారిస్ట్ డైమ్‌బ్యాగ్ డారెల్ 1990ల నాటి తన సౌండ్‌ను రాండల్ సాలిడ్ స్టేట్ ఆంప్‌లతోనే సాధించారు. అందులో ట్యూబుల ఊసే లేదు. 1990లో వచ్చిన స్వీడిష్ బ్యాండ్ ఎంటూంబ్డ్ తొలి ఆల్బమ్‌లో వినిపించే రంపపు కోత లాంటి సౌండ్‌కు అసలు కారణం బాస్ హెచ్ఎం-2 అనే పెడల్. ఇప్పటి మోడలింగ్ ఆంప్‌లు హెడ్‌ఫోన్‌లో కూడా మంచి సౌండ్ ఇస్తున్నాయి. మెయింటెనెన్స్ తక్కువ, బరువు తక్కువ.

ఎప్పుడూ ఇంట్లోనే, తక్కువ సౌండ్‌లో వాయించేవాళ్లకు ట్యూబ్ ఆంప్ డబ్బుకు తగ్గ ఫలితం ఇవ్వకపోవచ్చు. డ్రమ్మర్‌తో కలిసి వారానికి ఒకటి రెండుసార్లయినా వాయించేవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. చేతి ఒత్తిడికి తగ్గట్టు సౌండ్ మారడం, స్పీకర్ గాలిని తోయడం ఆ వాల్యూమ్‌లోనే అనుభవంలోకి వస్తాయి.

కొనేముందు ఈ 6 పాయింట్లు చెక్ చేసుకోండి

1. మీ సొంత గిటార్‌నే షాపుకు తీసుకెళ్లండి. అక్కడి ఖరీదైన గిటార్‌తో విని నిర్ణయం తీసుకోవద్దు.

2. మీరు రోజూ వాయించే వాల్యూమ్‌లో ఒకసారి, బ్యాండ్ వాల్యూమ్‌లో ఒకసారి వినండి. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగా వినపడదు. ఇంట్లో పెంచుకున్న బేస్, స్టేజీ మీద గోలగా మారుతుంది.

3. మిడ్స్ నాబ్ సున్నాలో పెట్టకండి. ఒంటరిగా వింటే బాగుంటుంది, బ్యాండ్‌లో కలిస్తే మీ గిటార్ మాయమవుతుంది.

4. ఎఫెక్ట్స్ లూప్ ఉందా చూడండి. ఎక్కువ గెయిన్‌తో డిలే, రివర్బ్, నాయిస్ గేట్ వాడేవాళ్లకు ఇది అవసరం.

5. సెకండ్ హ్యాండ్ అయితే కనీసం అరగంట ఆన్‌లో ఉంచి వాయించండి. వేడెక్కాక సౌండ్ తగ్గినా, చిటపటలు వచ్చినా, కాలిన వాసన వచ్చినా జాగ్రత్త పడండి. పవర్ ట్యూబ్‌లోని లోహపు పలక ఎర్రగా మెరుస్తుంటే వెంటనే ఆపేయండి.

6. వెనక ప్యానెల్‌పై వోల్టేజ్, ఓమ్స్ చదవండి. సర్వీస్ ఎక్కడ దొరుకుతుందో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

మొత్తంగా చూస్తే.. పంక్‌కైనా, మెటల్‌కైనా చాలామందికి సరిపోయేది 20 వాట్స్ హెడ్, రెండు 12 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్, ముందు ఓ ఓవర్‌డ్రైవ్ పెడల్. మిగిలిన డబ్బుతో ఓ సెట్ పవర్ ట్యూబులు, మంచి ఇయర్ ప్లగ్స్ కొనిపెట్టుకోండి. 100 వాట్స్ ఆంప్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పోయిన వినికిడి మాత్రం ఏ షాపులోనూ దొరకదు.